అన్నానికి కాదు, అన్నంలోకి

మీరు రాసిన సంగతి నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. గుంటూరు విద్యానగర్లో మీది 72 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. మీ ఇంట్లో పనిచేసే ఆమె పాతగుంటూరులో పేద కుటుంబాలకి ఊరికే వంటసరుకులిచ్చే ఒక సరుకుల గది నుంచి నెలకోసారి సంచి తెచ్చుకుంటుందని తెలిసి, ఒకరోజు ఆమెతోపాటు వెళ్ళి చూశారు. అరలు సగం ఖాళీ. అసోసియేషన్ మీటింగులో ఆ మాట ఎత్తగానే అందరూ ముందుకొచ్చారు. ఒకాయన 10 బస్తాల బియ్యం ఇస్తానన్నాడు. ఇంకొకావిడ వాళ్ళ పాప పుట్టినరోజుకి వంద బిర్యానీ పాకెట్లు పంచుతానంది. మూడో అంతస్తు పెద్దాయన అమెరికాలో ఉన్న కొడుకు చేత డబ్బు పంపిస్తానన్నాడు. వీటిలో ఏది ఒప్పుకోవాలి, షాపుల వాళ్ళనీ కాలేజీలనీ ఎలా కలుపుకోవాలి, ఇది మూణ్ణాళ్ళ ముచ్చట కాకుండా ఏం చెయ్యాలి? ఇవీ మీరు అడిగినవి.

నేను పట్నంబజారులో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్లో 26 ఏళ్ళు గుమాస్తాగా చేశాను. మీరు చూసినలాంటి గదే ఇంకొకటి తొమ్మిదేళ్ళుగా నడుపుతున్న నలుగురిలో ఒకణ్ణి. 130 కుటుంబాలు వస్తాయి. సరుకు లెక్క నాది. కాబట్టి సేవ గురించి కాదు, సరుకు గురించి చెబుతాను. నాకు తెలిసింది అదే.

ముందు ఆ 10 బస్తాల బియ్యం సంగతి. వద్దనండి. పాపం ఆయన మంచి మనసుతోనే అన్నాడు, కాదనను. కానీ బియ్యం కార్డున్న ఇంట్లో మనిషికి నెలకి 5 కిలోలు వస్తాయి. అంత్యోదయ కార్డైతే ఇంటికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి కేంద్రం ఆ బియ్యాన్ని ఉచితం కూడా చేసింది. నలుగురున్న ఇంటికి 20 కిలోలు వచ్చాక ఇంకో పదో పదిహేనో కొనుక్కుంటే నెల గడుస్తుంది. అసలు ఇబ్బంది ఆ అన్నంలోకి ఏమిటన్న దగ్గర. మా దగ్గరికి వచ్చే ఇళ్ళలో వారానికి నాలుగు రోజులు పచ్చడి మెతుకులే. పప్పు వండిన రోజున గిన్నెలో నీళ్ళే ఎక్కువ. రేషన్లో కందిపప్పు ఇస్తే ఇచ్చారు, లేకపోతే లేదు. మన జిల్లాలో అన్నానికి కరువు తక్కువండీ, అన్నంలోకే కరువు.

ఇంకో చిక్కుంది. మీ వాళ్ళు ఇచ్చేది సన్నబియ్యం. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 రకం అలవాటైన నోళ్ళు మనవి. ఆ బస్తా గదిలోకి రాగానే కబురు వీధంతా పాకుతుంది. ఆ నెల లైన్లో కొత్త ముఖాలు, పక్కనోళ్ళకిచ్చారు మాకివ్వలేదని రెండు పోట్లాటలు. పై నెల బియ్యం లేవంటే మమ్మల్నే అనుమానంగా చూస్తారు. ఒక్కసారి మెరిసి మాయమయ్యే దానం గది నడిపేవాళ్ళకి తలనొప్పి. కాస్తే ఇవ్వండి, కానీ నెలనెలా ఇవ్వండి.

బియ్యం నిజంగా కావలసిన వాళ్ళు కొందరున్నారు. కార్డు లేనివాళ్ళు, వేలిముద్ర పడక తిరిగి తిరిగి వేసారిన ముసలివాళ్ళు, పనులకని ఒడిశా నుంచో ప్రకాశం జిల్లా నుంచో వచ్చినవాళ్ళు. వీళ్ళ కోసం మేము ఎప్పుడూ మూడు బస్తాలు విడిగా ఉంచుతాం. అయితే వాళ్ళకి బియ్యం కన్నా ముందు చెయ్యాల్సిన సాయం ఒకటుంది. వెంటబెట్టుకుని వార్డు సచివాలయానికి తీసుకెళ్ళడం. సొంతూళ్ళో కార్డుంటే ఇక్కడి రేషను షాపులో కూడా బియ్యం తీసుకోవచ్చని చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఊరెళ్ళి తెచ్చుకోవాలనుకుని బస్సు ఛార్జీలు లెక్కేసుకుని మానేస్తారు. మీ అపార్ట్‌మెంటులో రిటైరైన బ్యాంకు ఆయనో టీచరుగారో ఉంటే ఈ పని వాళ్ళకి అప్పగించండి. నెలకి ముగ్గురికి కార్డు సంగతి తేల్చిపెడితే పది బస్తాల కంటే అదే ఎక్కువ.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. మీ వాళ్ళలో ఎవరైనా రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుస్తున్నాయని అంటే నమ్మకండి. అవి ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి బియ్యప్పిండితో చేసిన ఫోర్టిఫైడ్ గింజలు. నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. రంగు కాస్త తేడాగా ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి. మా గదికొచ్చే ఆడవాళ్ళు వాటిని ఏరి పారేసేవాళ్ళు. అందులోనే బలం ఉందమ్మా అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

ఇక మీరేం ఇవ్వాలి? నా సలహా వింటే, 72 ఫ్లాట్లూ ఒకే సరుకు పట్టుకోండి. కందిపప్పు. మీది కందిపప్పు అపార్ట్‌మెంటు కావాలి. అన్నీ కొంచెం కొంచెం ఇస్తామంటే ఒక నెల ఎనిమిది కిలోల పంచదార, రెండు సేమియా ప్యాకెట్లు, ఎవరి అటక మీదో మిగిలిన కార్న్‌ఫ్లేక్స్ డబ్బా వస్తాయి. వాటితో 130 ఇళ్ళకి ఏం పంచుతాం? 72 ఫ్లాట్లలో చివరికి నిలబడేవి 40 అనుకోండి. అంతే నిలబడతాయి, బెంగ పెట్టుకోకండి. ఇంటికి 2 కిలోలంటే నెలకి 80 కిలోలు, 80 ఇళ్ళకి తలా ఒక కిలో. అది ఆ ఇళ్ళలో వంట తీరునే మార్చేస్తుంది. మీ పక్క అపార్ట్‌మెంటు నూనె పట్టుకుంటే, ఎదురు వీధి వాళ్ళు సబ్బులు పట్టుకుంటే గది నిండినట్టే. మాకు లక్ష్మీపురంలో ఒక అపార్ట్‌మెంటు నాలుగేళ్ళుగా సబ్బులు తప్ప ఇంకేమీ ఇవ్వదు. వాళ్ళని మేము సబ్బుల వాళ్ళనే పిలుస్తాం. వాళ్ళూ మురిసిపోతారు.

కిలో ప్యాకెట్లు పోగు చెయ్యాలా, డబ్బు పోగుచేసి బస్తా కొనాలా? కొట్టువాణ్ణి కాబట్టి బస్తా అంటాను. షోరూములో మెరిసే ప్యాకెట్టుకీ పట్నంబజారు బస్తా రేటుకీ ఉన్న తేడాలో, పది కిలోల మీద ఇంకో కిలోకి పైనే కలిసొస్తుంది. కానీ లిఫ్టు పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి, పిల్లలు తలా ఒక ప్యాకెట్ తెచ్చి అందులో వేస్తే, ఆ పిల్లలున్న ఇల్లు మాత్రం నెల తప్పదు. అందుకని రెండూ ఉంచండి. పెద్దల డబ్బుతో బస్తా, పిల్లల చేత ప్యాకెట్లు. డబ్బా మీద రోజులు రాయండి. 25వ తేదీ నుంచి 30 దాకా మాత్రమే పెట్టండి. ఏడాది పొడుగునా అక్కడే ఉన్న డబ్బా కొన్నాళ్ళకి చెత్తబుట్ట అవుతుంది. మాకు అందులో సగం తాగిన కూల్‌డ్రింకు సీసా కూడా వచ్చింది.

నూనె ఇచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. లీటరు నూనె అంటే దాదాపు 910 గ్రాములు. ఇప్పుడు చూడటానికి అదే సైజులో 850 గ్రాముల ప్యాకెట్లూ, ఇంకా తక్కువవీ వస్తున్నాయి. రేటు తక్కువని అవి కొంటారు. ఒకరి సంచిలో ఒకటి, ఇంకొకరి సంచిలో ఇంకొకటి పడితే మళ్ళీ పేచీ. కొనేముందు బరువు చదవండి. విడి నూనె డబ్బాలో పోసి ఇస్తామంటే ఒప్పుకోకండి. విడి నూనె అమ్మకమే చట్టం ఒప్పుకోదు, పైగా అందులో ఏం కలిసిందో ఎవరికి తెలుసు.

ఉప్పు గురించి కూడా చెప్పాలి. తొమ్మిదేళ్ళలో మాకు ఉప్పు తెచ్చి ఇచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉప్పు చేతికివ్వకూడదని మనవాళ్ళ పట్టింపు. అందుకని ఉప్పు ఎప్పుడూ డబ్బు పెట్టి మేమే కొంటాం, అరలో పెడతాం, వాళ్ళే తీసుకుంటారు. మొదట్లో మేము శనివారం పంపిణీ పెట్టేవాళ్ళం. సాయంత్రానికి అన్నీ అయిపోయేవి, నూనె ప్యాకెట్లు మాత్రం ఇరవై ముప్పై మిగిలేవి. అవసరం లేదేమో అనుకున్నాం. చివరికి ఒకామె చెప్పింది, శనివారం పూట నూనె ఇంటికెలా తీసుకెళ్తామయ్యా అని. 26 ఏళ్ళు కిరాణా కొట్లో చేసి నాకు తట్టలేదు! పై నెల నుంచి ఆదివారానికి మార్చాం, ఒక్క ప్యాకెట్ మిగల్లేదు.

నిల్వ సంగతి మీకు నేరుగా పట్టదు కానీ, ఇచ్చేవాళ్ళకి తెలియాలి. మొదటి ఏడాది ఒక పెద్దమనిషి శ్రావణమాసంలో 11 బస్తాల బొంబాయి రవ్వ పంపాడు. మేము పొంగిపోయి గోడకి ఆనించి పేర్చాం. వానలు, గోడకి చెమ్మ. ఆరు వారాల తర్వాత బస్తా విప్పితే రవ్వ ముద్దలు ముద్దలుగా సాలెగూడులా అల్లుకుని ఉంది, లోపల పురుగు. తొమ్మిది బస్తాలు పశువులకి కూడా పనికిరాకుండా పోయాయి. పంపినాయనకి ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు. అప్పటి నుంచి రవ్వ, గోధుమపిండి, శనగపిండి ఏ నెలకి ఆ నెలే. చెక్క బల్లల మీద, గోడకి జానెడు ఎడంగా, ముందొచ్చింది ముందు పోయేట్టు పెడతాం. పప్పుకీ బియ్యానికీ ఎండు వేపాకు వేస్తాం. గోదాముల్లో పురుగుకి పెట్టే మందు బిళ్ళలు తెచ్చిస్తామని కొందరు మంచికే అంటారు. ఇళ్ళ మధ్య ఉన్న గదిలో అవి పెట్టారంటే ఆ గాలి పీల్చి మనుషులే పోతారు. ఆ మాట ఎవరన్నా సరే అక్కడే ఆపండి.

మన ఊళ్ళో ఎండుమిర్చికి మాత్రం లోటుండదు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి ఒకరు తెలిస్తే చాలు, అడిగినన్ని ఇస్తారు. రంగు పోయిన తాలు కాయలు ఇస్తే కూడా తీసుకుంటాం, కారం పట్టించుకుంటారు. కాకపోతే వాటిని మిగతా సరుకుతో కలిపి పెట్టొద్దు. ఒకసారి టీ పొడి పెట్టెల పక్కన మిర్చి టిక్కీ (బస్తా) పెట్టాం. ఆ నెల 130 ఇళ్ళలో కారం టీ తాగారు.

మిర్చి ఎత్తాను కాబట్టి, ఎప్పుడు ఇవ్వాలో కూడా అందులోంచే చెబుతాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్ళేవాళ్ళే. కొత్త కాయ వచ్చే మాఘం నుంచి వేసవి దాకా చేతినిండా పని. వానలు పడ్డాక పలచబడుతుంది. వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా, పిల్లలకి బడి భోజనం ఉండదు. మధ్యాహ్నం పూట ఇంట్లో ఇద్దరు ముగ్గురి తిండి పెరుగుతుంది. సెలవులు అయిపోగానే పుస్తకాలు, ఫీజులు. కాబట్టి మాకు కష్టకాలం మే నుంచి సెప్టెంబరు దాకా. దానాలు వచ్చేది ఎప్పుడు? కార్తీకంలో, అయ్యప్ప మాలలప్పుడు, క్రిస్మస్‌కి, సంక్రాంతికి, రంజాన్‌కి, హీరోల పుట్టినరోజులకి. ఆషాఢంలో ఒక్కడూ గుమ్మం తొక్కడు. మీరు ఏడాదిలో ఐదు నెలలే ఇవ్వగలమంటే ఈ ఐదు నెలలూ పట్టుకోండి, మిగతా నెలలు మేము గట్టెక్కుతాం.

ఇదే సంగతి 2024 సెప్టెంబరులో బెజవాడలో పెద్దఎత్తున చూశాను. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు మునిగాయి. మేమూ గుంటూరు నుంచి రెండు వ్యాన్లు వేసుకెళ్ళాం. మొదటి వారం పులిహోర పొట్లాలు, బన్నులు, నీళ్ళ సీసాలు కుప్పలు తెప్పలు. నీళ్ళు తీసి, జనం ఇళ్ళు కడుక్కుని పొయ్యి వెలిగించేనాటికి వ్యాన్లన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. అప్పుడు కదా వాళ్ళకి పప్పు, ఉప్పు, చింతపండు, చీపురు కావలసింది! మా రెండో వ్యాను ఆలస్యమై పదో రోజున చేరింది. ఆ ఆలస్యమే మేలైంది.

బిర్యానీ పాకెట్లావిడని నొప్పించకుండా దారి మళ్ళించండి. సరుకుల గదికి వండిన తిండి తీసుకురావద్దు. మిగిలిన వంటకాలు సేకరించి పంచడానికి ఆహార భద్రతా సంస్థ 2019లోనే నిబంధనలు పెట్టింది. పంచే సంస్థకి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఎవరిచ్చారో ఎప్పటిదో రాసిపెట్టాలి. అవన్నీ పక్కనపెట్టినా మన గుంటూరు ఎండలో మధ్యాహ్నం వండిన చికెన్ బిర్యానీ సాయంత్రం పంచితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. వేడిగా పొగలు కక్కుతూ ఉండగా గంటా రెండు గంటల్లో తినేయాలి, లేదంటే ఫ్రిజ్జులో ఉండాలి. మధ్యస్థంగా గోరువెచ్చగా ఉన్నదే ప్రమాదం. వండిన భోజనమే పెట్టాలని ఆవిడకి పట్టుదలగా ఉంటే అన్న క్యాంటీన్‌కి విరాళం ఇమ్మనండి. అక్కడ పూట భోజనం 5 రూపాయలే, వడ్డించేవాళ్ళూ ఉన్నారు, శుభ్రమూ ఉంది. నన్నడిగితే పాప పేరుమీద వేసవి సెలవుల్లో నలభై మంది పిల్లలున్న ఇళ్ళకి వేరుశనగపప్పు, బెల్లం, అటుకులు ఇప్పిస్తాను. పుట్టినరోజు ఏ నెలలో వస్తే ఏం, పాప మే నెలలో కూడా పెరుగుతూనే ఉంటుంది కదా.

పొయ్యి లేకుండా తినే సరుకుకి ఇంకో చోటుంది. ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో రోగికి భోజనం పెడతారు, కూడా ఉన్న మనిషికి పెట్టరు. పల్నాడు నుంచి, బాపట్ల నుంచి వచ్చి పదిహేను రోజులు వరండాలో పడుకునేవాళ్ళుంటారు. వాళ్ళకి బియ్యమిస్తే ఎక్కడ వండుకుంటారు? అటుకులు, పుట్నాలు, బిస్కట్లు, చిన్న పాలపొడి ప్యాకెట్లు, ఒక స్టీలు గ్లాసు. మా గది నుంచి వారానికోసారి ఇలాంటివి ముప్పై పొట్లాలు అక్కడికి వెళ్తాయి.

ఇక కొట్ల వాళ్ళ దగ్గరికి వద్దాం. ఇక్కడ మాత్రం నేను చెప్పినట్టు చెయ్యండి. హోల్‌సేల్ కొట్టుకి పొద్దున్నే వెళ్ళకండి. బోణీ కాకముందు చందా అడిగితే ఎంత మంచివాడైనా ముఖం ముడుస్తాడు. మధ్యాహ్నం రెండున్నర, మూడు మధ్య వెళ్ళండి. షావుకారు భోంచేసి వచ్చి కూర్చుని ఉంటాడు, హమాలీలు కునుకు తీస్తుంటారు. ఉచితంగా ఇమ్మనకండి. ‘నెలకి 80 కిలోల కందిపప్పు మీ దగ్గరే కొంటాం, బస్తా రేటుకి ఇవ్వండి, ఆటోలో వేయించండి’ అనండి. వ్యాపారికి నెలనెలా వచ్చే బేరం అంటే గౌరవం. మూడు నెలలు వరసగా కొన్నాక ఆయనే అంటాడు, ఈసారి ఐదు కిలోలు నా తరఫున వెయ్యరా అని గుమాస్తాతో. నా రోజుల్లో మా చిట్టాలో ‘ధర్మం’ అని ఒక పద్దు ఉండేది. బస్తాకింత అని పక్కన పడేసేవాళ్ళు, గుడికో సత్రానికో పోయేది. ఆ పద్దు పాత కొట్లలో ఇంకా ఉంటుంది. అడగాల్సింది దాన్నే, ఆయన లాభాన్ని కాదు.

నేను మొదటిసారి మా పాత షావుకారు దగ్గరికే వెళ్ళాను. ‘ఇరవయ్యారేళ్ళు నా జీతం తిని ఇప్పుడు చందాకొచ్చావా’ అన్నాడు పేపరు మడుస్తూ. నేనేం మాట్లాడలేదు. పదినిమిషాల తర్వాత లోపలికి కేకేశాడు, పగిలిన ప్యాకెట్లన్నీ ఇతనికి చూపించమని. అట్ట నలిగినవి, కుట్టు ఊడినవి, లేబుల్ చిరిగినవి ఏ కొట్లోనైనా మూలన పడి ఉంటాయి. సరుకు బాగుంటే తీసుకుంటాం. తేదీ దగ్గరపడిన సరుకు విషయంలో మా నియమం ఒకటే, కనీసం 30 రోజులు మిగిలి ఉండాలి. తేదీ దాటింది ఎంత బాగున్నా వద్దు. ఇంట్లో మనం తింటామేమో, ఇంకొకరికి ఇవ్వకూడదు.

మీ వీధి చివర చిల్లర కిరాణాతో మాత్రం వేరే రకం ఒప్పందం బాగుంటుంది. చీటీ పద్ధతి. మీరు నెలకింత అని అతని దగ్గర జమ చేస్తారు, గది నుంచి చీటీ తెచ్చిన మనిషి ఆ మేరకు పప్పు, నూనె, కోడిగుడ్లు తీసుకుంటుంది. ఆ మనిషి మామూలు ఖాతాదారులా కొట్టుకెళ్ళి తనకి కావలసింది కొనుక్కుంటుంది. బీడీలు, గుట్కా, కూల్‌డ్రింకులు చీటీకి ఇవ్వకూడదని ముందే మాట్లాడుకోండి. నెలాఖరుకి చీటీలు లెక్కపెట్టండి. ఒక చోట మాకు ఇరవై చీటీలకి ఇరవై ఏడు వచ్చాయి! ఎవరో జిరాక్స్ తీశారు. అప్పటి నుంచి చీటీ మీద వేలెడు ముద్ర, వరస నంబరు.

కాలేజీలంటే ఎన్ఎస్ఎస్, అదే జాతీయ సేవా పథకం, గుర్తొస్తుంది నాకు. ఆ పిల్లలు రెండేళ్ళలో 240 గంటల సేవ చెయ్యాలి. కాలేజీలో చెట్లు నాటడం, ర్యాలీ తీయడం తప్ప వేరే పని దొరక్క ప్రోగ్రాం ఆఫీసర్లు వెతుక్కుంటుంటారు. నెలలో రెండు ఆదివారాలు, ఎనిమిది మంది, మూడేసి గంటలు అని రాతపూర్వకంగా అడగండి. వాళ్ళతో పొట్లాలు కట్టించుకోవడం కంటే లెక్క రాయించుకోండి. మా స్టాకు పుస్తకం ఇప్పుడు ఒక డిగ్రీ అమ్మాయి ఫోన్లో నడుపుతోంది. నూనె ఎన్ని రోజులకి అయిపోతుందో ముందే చెబుతుంది. నా పాత చిట్టా పుస్తకం చూసి మాత్రం నవ్వుతుంది.

పొట్లాలు కట్టడానికి మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న మహిళా సంఘాల వాళ్ళని అడగండి. గుడి, చర్చి, మసీదు మూడింటినీ వదలొద్దు. మా అమ్మమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి పొయ్యి పక్కన కుండలో వేసేది, ఆదివారం చర్చికి పట్టుకెళ్ళేది. ఆ అలవాటున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. గుప్పెడు బియ్యం బదులు గుప్పెడు పప్పు అనమని పాస్టరుగారిని అడిగాం, ఒప్పుకున్నారు.

డబ్బు విషయం పొట్టిగా చెబుతాను. మీరిచ్చే గదికి, దాతలకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పించే గుర్తింపు, ఇన్నాళ్ళూ 80జీ అంటూ వచ్చినది, ఉందా అని అడగండి. ఉంటే పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళకి మాత్రమే మినహాయింపు వస్తుంది. పప్పూ నూనె రూపంలో ఇస్తే రాదు, 2,000 రూపాయలు దాటిన నగదుకీ రాదు. బ్యాంకు ద్వారానే పంపండి, సంస్థ ఖాతాకే పంపండి, ఎవరి సొంత ఫోన్ నంబరుకీ కాదు. మూడో అంతస్తు పెద్దాయన కొడుకు పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కోండి. భారత పాస్‌పోర్టే ఉంటే ఆయన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు, చిక్కులేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చేది) మీద ఉంటే మాత్రం అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ప్రత్యేక ఖాతా లేని సంస్థ అది తీసుకోకూడదు. మన ఊరి చిన్న గదులు వేటికీ అది ఉండదు. తండ్రి తన పెన్షన్లోంచి ఇవ్వడమే అందరికీ సుఖం. పెద్ద కంపెనీలు సామాజిక సేవకని ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు గురించి ఇప్పుడే ఆలోచించకండి. కాగితాలు బోలెడు, అవి రాసే ఓపిక మీకూ ఉండదు, గది వాళ్ళకీ ఉండదు.

ఫొటోల గురించి మొహమాటం లేకుండా చెబుతాను. మూడేళ్ళ కిందట ఒక సంస్థ వాళ్ళు 50 కిట్లు ఇచ్చారు, ఫ్లెక్సీ కట్టారు, ఒక్కొక్కరినీ పిలిచి సంచి చేతిలో పెట్టి ఫొటో తీశారు. వరసలో నాలుగో ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది. ‘కొంచెం పైకి చూడమ్మా’ అన్నాడు ఫోనున్న కుర్రాడు. ఆమె చూసింది. ఆ ఫొటో తిరిగి తిరిగి ఆమె కూతురి అత్తగారి వాట్సాప్‌కి చేరింది. పై నెల ఆమె రాలేదు. మనిషిని పంపితే, మాకేం లోటు లేదని చెప్పమంది. ఆమె సంచి మా గదిలో రెండు నెలలు అలాగే కట్టి ఉంది. మీ వాళ్ళు ఫొటో కావాలంటే పప్పు బస్తాలకి తీసుకోండి, మీ పిల్లలకి తీసుకోండి. తీసుకునేవాళ్ళ ముఖాలు వద్దు. ఈ ఒక్క షరతుకి ఒప్పుకోని దాత ఎంత పెద్దవాడైనా మేము నమస్కారం పెట్టి పంపేస్తాం.

కట్టిన సంచి ఇవ్వడం కూడా ఇప్పుడు మానేశాం. అరల్లో పెట్టి, ఇంట్లో మనుషుల్ని బట్టి ఎన్ని వస్తువులో చెప్పి, వాళ్ళనే ఎంచుకోమంటాం. ఇది నేర్పింది ఒక ముసలమ్మ. సంచి అక్కడే విప్పి పంచదార తీసి బల్లమీద పెట్టింది. ‘షుగరున్నదానికి పంచదార ఇస్తావేంది నాయనా, రాగిపిండి లేదా?’ అంది. అప్పటిదాకా మేమిచ్చిన పంచదార ఎన్ని ఇళ్ళలో డబ్బాల్లో గడ్డకట్టిందో! ఇప్పుడు రాగిపిండి అర ముందు ఖాళీ అవుతుంది, సేమియా అర చివరిదాకా అలాగే ఉంటుంది. మీరు ఏం కొనాలో ఆ అరలే చెబుతాయి. నెలాఖరున ఒకసారి వెళ్ళి ఏది మిగిలిందో చూసి రండి, మీటింగులో అరగంట వాదన తప్పుతుంది.

మీరు మళ్ళీ ఆ గదికి వెళ్ళేముందు ఫ్లాట్లన్నిటికీ ఒక మెసేజ్ పెట్టండి, మూత బిగుతుగా పట్టే పాత ప్లాస్టిక్ డబ్బాలుంటే పడేయొద్దని. హార్లిక్స్ సీసాలు, ఐస్‌క్రీం డబ్బాలు, పచ్చడి జాడీలు, ఏవైనా. కిలో పప్పు తీసుకెళ్ళిన మనిషి దాన్ని ఎలుకకి అందకుండా ఎక్కడ పెట్టుకుంటుందో మేము రెండేళ్ళు ఆలోచించనే లేదు. డబ్బాలు కడిగి, ఎండబెట్టి, మూతలు విడిగా మూటకట్టి పట్టుకెళ్ళండి. మొదటి ట్రిప్పులో పప్పు లేకపోయినా ఫర్వాలేదు.